ఎత్తబడని అమ్మ

రాచెల్ అబద్ధం ఆడదు. ఈ సంగతి బెంగుళూరు కె.ఆర్.పురం తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికీ తెలుసు. తెలిసి ఇబ్బంది పడ్డవాళ్ళూ ఉన్నారు. మొన్న ఈస్టరు ముందు సంఘపెద్దలు ఇంటికి వస్తే, మొగుడు జయరాజు బాత్రూములోకి దూరి, డ్యూటీకి పోయానని చెప్పమని సైగ చేశాడు. ఆమె తలుపు బార్లా తీసి, "లోపలే ఉన్నాడండీ, మిమ్మల్ని చూసి దాక్కున్నాడు" అంది. పాపం జయరాజు తుండుగుడ్డ భుజానేసుకుని బయటికొచ్చి అందరికీ వందనాలు చెప్పుకోవాల్సి వచ్చింది.

అలాంటి మనిషి ఆ బుధవారం మధ్యాహ్నం నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ దిగి, కూతుర్ని తీసుకెళ్దామని గుడి మేడ మెట్లెక్కింది. మే నెల. పిల్లలకి సెలవుల బైబిల్ తరగతులు జరుగుతున్నాయి, అది ఆఖరి రోజు. రోజూ మెట్ల మీదికే వినిపించే చప్పట్లూ పాటలూ ఆవేళ లేవు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. లోపల చీకట్లో అరవైమంది పిల్లలు చాపల మీద కూర్చుని టీవీ చూస్తున్నారు.

ఎక్కడో విదేశంలో తీసి తెలుగు మాటలు అతికించిన సినిమా. ఒకావిడ పెరట్లో దండెం మీద బట్టలు ఆరేస్తోంది. పాటేదో సన్నగా పాడుతోంది. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. మనిషి లేదు. ఆమె గౌను గడ్డి మీద కుప్పగా పడి ఉంది, పక్కన చెప్పులు, చెల్లాచెదురుగా క్లిప్పులు. ఇంట్లోంచి ఒక పాప వచ్చి, "అమ్మా" అని పిలిచింది. గదిగదికీ తిరిగి పిలిచింది. వీధిలోకి వచ్చి పిలిచింది. ప్రభువు వచ్చి తనవాళ్ళని ఎత్తుకుని పోయాడనీ, అబద్ధాలాడే ఆ పాప మాత్రం విడవబడిందనీ ఒక మగ గొంతు గంభీరంగా చెప్పింది.

లైట్లు వెలిగాయి. టీచర్ లిడియా, ఇరవై రెండేళ్ళ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ప్రభువు ఈ సాయంత్రమే వస్తే మీలో ఎంతమంది రెడీ? మారుమనసు కావాలనుకునేవాళ్ళు చేతులెత్తండి."

వెక్కిళ్ళ మధ్య చేతులు లేచాయి. లిడియా వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకుంది. అందరికంటే ఎత్తుగా ఉన్న చెయ్యి జ్యోత్స్నది. మోకాళ్ళ మీద లేచి మరీ ఎత్తింది. ఏడేళ్ళ పిల్ల, మనిషి చూస్తే అయిదేళ్ళ దానిలా ఉంటుంది. ఆ చెయ్యి చూడగానే రాచెల్ గుండె నిండిపోయింది. గుమ్మం దగ్గరే కొంగుతో కళ్ళొత్తుకుని, ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఏం చూసి మురిసిపోతోందో ఆ తల్లికి తెలియదు.

బస్సులో కండక్టరు జ్యోత్స్నని చూసి, "చిన్న మగు కదమ్మా, టికెట్ బేడ" అని, చిన్నపిల్లకి టికెట్ వద్దన్నట్టు చెయ్యి ఊపి ముందుకు కదిలాడు. రాచెల్ అతన్ని వెనక్కి పిలిచింది.

"ఏడేళ్ళు నిండినయ్యప్పా. అర టికెట్ ఇవ్వు."

జ్యోత్స్న అమ్మ కొంగు లాగింది. "అయిదని చెప్పమ్మా."

"ఛీ! అబద్ధమా? ఇప్పుడే కదే చెయ్యెత్తి వచ్చావు?"

"ఒక్కసారి చెప్పమ్మా. ప్లీజ్. ఒక్కటే."

కండక్టరు నవ్వుతూ టికెట్ చింపి ఇచ్చాడు. పిల్ల ముఖం మాడిపోయింది. రాచెల్ దాని చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. కిటికీ గాలికి కాబోలు అనుకుని అద్దం దించి మూసింది.

గురువారం పొద్దున జ్యోత్స్న ఇంట్లో ఉండనంది. తరగతులు లేని రోజుల్లో ఇంటివాళ్ళావిడ బాలమ్మ దగ్గర ఉంటుంది. బాలమ్మ బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగావిడ, పిల్లలంటే ప్రాణం. "రామ్మా, రాగిముద్ద చేసిపెడతా. మీ యమ్మ యాడికి పోతాది, మద్యానానికి వచ్చేస్తాది కదా" అని ఎంత బుజ్జగించినా పిల్ల రాచెల్ నడుం వదల్లేదు.

"మీ నాన్న ఉన్నాడుగా ఇంట్లో" అంది రాచెల్. జయరాజు హొసకోటె ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా మంచం దిగడు.

"నాన్న ఉంటాడు. నాన్న ఎక్కడికీ పోడు" అంది జ్యోత్స్న. నాన్న విషయంలో దానికి ఏ బెంగా ఉన్నట్టు లేదు.

చేసేది లేక వెంట తీసుకుపోయింది. ఇంజెక్షన్ గదిలో మూలనున్న స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ రోజు టీకాల రోజు, వరండా అంతా చంటిపిల్లలు. రాచెల్ గాజు ఆంప్యూల్ మెడ మీద చిన్న రంపంతో గీసి, దూదితో పట్టుకుని టక్కున విరిచి, మందు సిరంజిలోకి లాగి, వేలితో రెండు తట్లు తట్టి బుడగ పైకి తెస్తోంది. ఈ పని చేస్తున్నంతసేపూ పిల్లాడితో మాట్లాడుతూనే ఉంటుంది. మిగతా నర్సులంతా చీమ కుట్టినట్టుంటుంది అంతే అంటారు. రాచెల్ అనదు.

"నొప్పి పుడుతుంది నాన్నా. గట్టిగానే పుడుతుంది. మూడు అంకెలు లెక్కపెట్టు, తగ్గిపోద్ది."

వింత ఏమిటంటే పిల్లలు ఆమె దగ్గరే తక్కువ ఏడుస్తారు. మూడు లెక్కపెట్టేసరికి నిజంగా తగ్గుతుంది మరి. వచ్చే నెల మళ్ళీ వచ్చినప్పుడు ఆ అమ్మే కావాలంటారు.

"అమ్మా, చీమ కుట్టినట్టుంటుందని చెప్పొచ్చుగా" అంది జ్యోత్స్న స్టూలు మీంచి.

"అట్లా ఉండదుగా?"

"అయినా చెప్పమ్మా. ఈ బాబుకి చెప్పు. వాడికి తెలీదుగా."

"వాడికి తెలీకపోతే నాకు తెలీదా? పైవాడికి తెలీదా?" అని నవ్వింది రాచెల్. "చిన్న అబద్ధమైనా అబద్ధమేనే."

పిల్ల నవ్వలేదు. గోరు కొరుక్కుంటూ అమ్మ నోటివైపే చూస్తూ కూర్చుంది. రాచెల్ మందుల గదికి వెళితే వెంట వెళ్ళింది, బాత్రూముకి వెళితే తలుపు బయట నిలబడి, "అమ్మా, ఉన్నావా?" అని అడిగింది. ఉన్నానంటే, "మాట్లాడుతూ ఉండు" అంది. సిస్టర్లు నవ్వారు. రాచెల్‌కి ముద్దొచ్చింది. భక్తి కుదిరితే పిల్లలకి తల్లి మీద ప్రేమ కూడా పెరుగుతుంది కాబోలు అనుకుంది. రోజుకి నలభైమంది పిల్లల భయం చేత్తో పట్టి చూసే మనిషి, ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి పోల్చుకోలేకపోయింది. వైద్యుడి ఇంట్లోనే రోగం ముదురుతుందని ఊరికే అనలేదు.

శుక్రవారం ఆమెకి సెలవు. పొద్దున్నే గ్లాసుడు పాలు ఇచ్చి, మూటెడు బట్టలు ఉతకడానికి కూర్చుంది. కాసేపటికి చూస్తే గ్లాసు ఖాళీ.

"తాగావా?"

"తాగా." పిల్ల నేల చూపులు చూసింది.

కింద బాలమ్మ గొంతు వినిపించింది. "ఏం కర్మమో, నా కరేపాకు చెట్టుకి చీమలు పట్టుండాయి. దినమూ నీళ్ళు పోసి కడుగుతానే ఉండా."

పాలు ఎటు పోతున్నాయో అర్థమై రాచెల్‌కి నవ్వొచ్చింది కానీ చేతుల్లో పనుండి ఊరుకుంది. బకెట్టు తీసుకుని మేడ మీదికి ఎక్కింది. దండెం మీద డ్యూటీ చీర సగం పరిచి, గాలికి ఆగక జారి కింద పడితే, ఇంకా క్లిప్పులు కావాలని డబ్బా కోసం నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. నేల తడిగా ఉందని చెప్పులు దండెం దగ్గరే వదిలింది.

అప్పుడు కేక వినపడింది. రాచెల్ పన్నెండేళ్ళుగా నర్సు. ప్రసవాల గదిలో, కాలిన గాయాల వార్డులో అరుపులు విన్నది. ఇలాంటిది వినలేదు. ట్యాంకు చుట్టూ పరుగెత్తుకొచ్చేసరికి జ్యోత్స్న కుప్పగా పడ్డ తెల్లచీరని రెండు చేతులా వాటేసుకుని కూర్చుని ఉంది. పక్కన చెప్పులు. గౌను తడిసిపోయి గచ్చు మీద మడుగు కట్టింది. కళ్ళు ఆకాశంలోకి పెట్టి, "నేను కూడా! నేను కూడా!" అని అరుస్తోంది.

"జ్యోత్స్నా! ఇదిగో, ఇక్కడే ఉన్నానే!"

పిల్ల తిరిగి చూసింది. వెంటనే నమ్మలేదు. ముందు కాళ్ళు తాకింది, తర్వాత ముఖం తాకింది. "పోలేదా అమ్మా నువ్వు?"

రాచెల్ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. అలవాటు కొద్దీ వేళ్ళు మణికట్టు మీదికి పోయాయి. నాడి లెక్కకి అందడం లేదు. అరచేతుల్లో చల్లటి చెమట. ఈ చల్లదనమే బుధవారం బస్సులో తన చేతిలో ఉందని అప్పుడు తెలిసింది ఆమెకి. గాలి కాదు, భక్తీ కాదు.

బాలమ్మ రొప్పుతూ పైకొచ్చింది. "బిడ్డ దడుచుకొనుండాది తల్లీ. ఉప్పూ మిరపకాయా తిప్పేస్తానుండు."

"మేం అట్లాంటివి చేయం పెద్దమ్మా."

"మీరు చేయొద్దులే. నేను చేస్తా. భయానికి కులమూ మతమూ ఉండాయా?" అని బాలమ్మ కిందికి దిగిపోయింది. ఉప్పు కోసమే పోయి ఉంటుంది. ఆపే ఓపిక రాచెల్‌కి లేకపోయింది.

ఏం భయమే అని ఎన్నిసార్లు అడిగినా జ్యోత్స్న పెదవి విప్పలేదు. సాయంత్రం దాన్ని జయరాజు పక్క కుర్చీలో వదిలి (ఆవేళ అతను షిఫ్టు మానేశాడు) రాచెల్ ఒక్కతే గుడికి వెళ్ళింది. లిడియా ఆదివారం ముగింపు కార్యక్రమానికి రంగు కాగితాలు కత్తిరిస్తోంది.

"ఆ సినిమా పిల్లలకి ఎందుకు చూపించావమ్మా? మా పిల్ల జడుసుకుంది. గుడ్డల్లో పోసుకుంది."

లిడియా కత్తెర పక్కన పెట్టింది. "సిస్టర్, వర్రీ కావద్దు. అది మంచి భయం. ప్రభువు పని చేస్తున్నాడని గుర్తు. ఎనిమిదేళ్ళప్పుడు ఈ సినిమా చూసే నేను కూడా రక్షణలోకి వచ్చా." నవ్వింది. "ఇప్పటికీ హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే, రెండో రింగుకి మా అమ్మ ఎత్తకపోతే నా చేతులు చల్లబడిపోతాయి తెలుసా?"

అదేదో బహుమతి గెలిచినట్టు చెప్పింది ఆ పిల్ల. రాచెల్ ఆమె చేతులవైపు చూసింది. గోళ్ళు మొదలంటా కొరికి ఉన్నాయి. పద్నాలుగేళ్ళు. తన కూతురు మరో పద్నాలుగేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చుని కాగితాలు కత్తిరిస్తోంది. రాచెల్‌కి నిజంగా భయమేసింది.

"ఆదివారం స్టేజీ మీద సాక్ష్యం జ్యోత్స్నే చెప్పాలి సిస్టర్, తనెలా మారిందో. అందరికంటే ఎక్కువ కదిలింది తనే. పాస్టరు అయ్యగారికి కూడా చెప్పేశా."

వద్దని చెప్పాల్సింది. అయ్యగారి పేరు వినగానే రాచెల్ తలూపి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం హాలంతా రంగు కాగితాలు. పిల్లలు చేతులూపుతూ పాటలు పాడారు, సర్టిఫికెట్లు తీసుకున్నారు. చివర్లో లిడియా జ్యోత్స్నని స్టేజీ ఎక్కించింది. నెత్తిన అట్ట కిరీటం, అది చెవుల మీదికి జారుతోంది. మైకు ముఖం కంటే పెద్దగా ఉంది.

"సినిమా చూశాక నీలో ఏం మార్పు వచ్చింది జ్యోత్స్నా?"

"రోజూ ప్రార్థన చేస్తున్నా."

హాల్లో సంతోషంగా గుసగుసలు. రాచెల్ పక్కన కూర్చున్న సంఘపెద్ద భార్య ప్రేమకుమారి ఆమె చెయ్యి నొక్కింది.

"వెరీ గుడ్. ఏమని చేస్తున్నావు?"

పిల్ల జనంలో అమ్మని వెతికింది. కనిపించాక చెప్పింది. "మా అమ్మ పాపాలు క్షమించొద్దని."

అందరూ ఘొల్లున నవ్వారు. లిడియా కూడా నవ్వి, "క్షమించమని కదమ్మా?" అంది.

"కాదక్కా. క్షమించొద్దని."

నవ్వు ఆగిపోయింది. రాచెల్ ఎప్పుడు లేచిందో, ఎలా వెళ్ళిందో, పిల్లని చంకనేసుకుని హాలు మధ్యలోంచి బయటికి వచ్చేసింది. వెనక ఎవరో కీబోర్డు మీద పాట ఎత్తుకున్నారు.

మెట్ల మీద కూర్చోబెట్టింది. "ఎందుకే అట్లా ప్రార్థన చేస్తున్నావు? అమ్మ మీద కోపమా?"

జ్యోత్స్న కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది, అంతా ఒకేసారి, ముక్కు చీదుకుంటూ. "నేను మారలేదమ్మా. చెయ్యెత్తా కానీ మారలేదు. శుక్రవారం మళ్ళీ పాలు పారబోశా. తాగానని చెప్పా. ప్రభువొస్తే నన్ను తీసుకుపోడు. నువ్వేమో ఒక్క అబద్ధం కూడా చెప్పవు. నిన్ను తీసుకుపోతాడు. నాన్న ఉంటాడు, నాన్న చెప్తాడుగా అబద్ధాలు. కానీ నాన్నకి నాకు జడేయడం రాదు. నువ్వు ఒక్కటి చెప్తే చాలమ్మా. నువ్వు కూడా ఇక్కడే ఉండిపోతావు."

రాచెల్ పిల్లని దగ్గరికి తీసుకుంది. "దేవుడు నిన్ను వదిలేయడే. పాలు పారబోస్తే వదిలేస్తాడా?"

"చిన్న అబద్ధమైనా అబద్ధమేనని నువ్వే చెప్పావుగా."

చెప్పింది. ఎలా కాదంటుంది? సినిమా అంతా ఉత్తదే అందామని నోరు తెరిచింది. కానీ ఉత్తదని ఆమె అనుకోవడం లేదు. ఒకరోజు ప్రభువు వస్తాడనీ తనవాళ్ళని తీసుకుపోతాడనీ చిన్నప్పటి నుంచీ నమ్మింది, ఆ నమ్మకంతోనే ఇన్నాళ్ళూ నాలుక అదుపులో పెట్టుకుంది. పిల్ల అడుగుతున్నది ఆ నాలుకనే. నొప్పి పుడుతుందని చెప్పడం వచ్చు ఆమెకి. మూడు లెక్కపెట్టేలోపు పోని నొప్పికి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

బస్సెక్కేసరికి ఆరు కావస్తోంది. తూర్పున మబ్బు పట్టి ఉంది. ముందు సీట్లో ప్రేమకుమారి, తన కొడుకు లలిత్‌తో కూర్చుని ఉంది. లలిత్, జ్యోత్స్న ఒకే క్లాసు. జ్యోత్స్న అమ్మ కొంగు అంచు పిడికిట్లో చుట్టుకుని, ప్రతి మెరుపుకీ పైకి చూస్తోంది.

కండక్టరు వచ్చాడు. బుధవారం నాటి మనిషే.

"కుందలహళ్ళి గేట్, ఒకటి" అంది రాచెల్.

"మగుకి?"

రాచెల్ ఒకసారి పిల్లవైపు చూసింది. "దానికి అయిదేళ్ళే."

అతను పెన్ను చెవిలో పెట్టుకుని ఆశ్చర్యంగా చూశాడు. "మొన్న ఏడు అంటిరి కదమ్మా? నన్ను పిలిచి మరీ చెప్పిరి!"

ప్రేమకుమారి వెనక్కి తిరిగింది. ఈ పిల్ల పుట్టిన సంవత్సరం, తేదీ కూడా ఆమెకి తెలుసు. లలిత్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇరవయ్యేళ్ళు కూడబెట్టుకున్న పేరు ఆ ఒక్క బస్సు సీట్లో పోతోందని రాచెల్‌కి తెలుస్తూనే ఉంది.

"మొన్న పొరపాటున చెప్పా. అయిదే."

"ఆయ్తు బిడమ్మా" అని, సరేలెమ్మన్నట్టు చెయ్యి ఊపి అతను నవ్వుకుంటూ వెనక సీట్లకి వెళ్ళిపోయాడు. ప్రేమకుమారి మెల్లగా ముందుకు తిరిగింది.

జ్యోత్స్న ఊపిరి బిగబట్టి అమ్మ ముఖంలోకి చూస్తోంది. "రెండు చెప్పావమ్మా" అంది గుసగుసగా. "నేను ఒక్కటే అడిగా."

బయట పెద్ద మెరుపు మెరిసింది. ఈసారి ఉలిక్కిపడింది రాచెల్. ఇప్పుడే వస్తే? ఈ బస్సు కుందలహళ్ళి చేరేలోపే వస్తే? ముప్పయ్యయిదేళ్ళలో ఎన్నడూ లేనిది, ఆకాశం వైపు చూడటానికి ఆమెకి భయమేసింది. అలవాటైన మాట, తప్పు జరిగిన మరుక్షణం తనంతట తానే వచ్చే మాట, క్షమించు ప్రభువా అన్నది పెదవుల దాకా వచ్చింది.

పిల్ల కళ్ళు ఆ పెదవుల మీదే ఉన్నాయి. "అడుగుతున్నావా అమ్మా?"

రాచెల్ పెదవులు మూసేసింది. "లేదు."

"ఇంటికెళ్ళాక అడుగుతావా?"

"అడగను."

"ఒట్టు?"

"ఒట్టే."

జ్యోత్స్న ఆమె ముఖాన్ని ఇంకాసేపు పరీక్షగా చూసింది. తర్వాత కొంగు వదిలింది. నాలుగు రోజుల నిద్ర ఒక్కసారి మీద పడ్డట్టు తల అమ్మ ఒళ్ళో వాల్చేసింది. మారతహళ్ళి వైపు మళ్ళే మలుపులో బస్సు ఒరిగినా కదల్లేదు. రాచెల్ దాని మణికట్టు పట్టుకుని చూసింది. నాడి నెమ్మదిగా, సమంగా కొట్టుకుంటోంది. చెయ్యి వెచ్చగా ఉంది.

వాన మొదలైంది. ఎవరో కిటికీలు దించమని అరిచారు. రాచెల్ తన చేతులు చూసుకుంది. అవి చల్లగా ఉన్నాయి. కూతురికి తగలకుండా వాటిని కొంగులో చుట్టుకుని, స్టాపు వచ్చేదాకా అలాగే కూర్చుంది.